చదువు లేని ఇంట వెలిగిన దీపం: జార్జి స్టీఫెన్సన్ జీవితం

రైలింజన్ కనిపెట్టినది ఎవరు? హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక క్లాసులో ఈ బిట్టు రాసే ఉంటారు. జార్జి స్టీఫెన్సన్ అని రాసి, అర మార్కు తెచ్చుకొని, ఆ పేరు మరిచిపోయి ఉంటారు. మేము కూడా అలాగే మరిచిపోయాం. నిజానికి ఆ జవాబు పూర్తిగా సరైనది కూడా కాదు. పట్టాల మీద ఆవిరి ఇంజన్‌ను మొదట నడిపినవాడు 1804లో రిచర్డ్ ట్రెవితిక్. దానిని జనానికి పనికొచ్చే రైలుగా మార్చినవాడు స్టీఫెన్సన్.

కానీ ఈ వ్యాసం రైలు గురించి కాదు. ఆయన చేసిన ఒక చిన్న దీపం గురించి. ఆ దీపం కోసం ఆయన ప్రాణాలకు తెగించిన సంగతి, చదువు లేనివాడు ఇంత పని ఎలా చేస్తాడని పెద్దలు ఆయనను దొంగ అన్న సంగతి, ఏ బిట్టు బ్యాంకులోనూ లేవు. మేము పుట్టిన ఊరు బొగ్గు బాయిల పక్కనే ఉంది. మా నాన్న ముప్పై ఏళ్ళు బాయి పని చేశాడు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. అందుకే ఈ కథ మాకు మా ఇంటి కథలాగే అనిపించింది. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు ఇదే రాయాలనుకున్నాం.

ఒకే గదిలో ఎనిమిది మంది

ఇంగ్లండు ఉత్తరాన న్యూకాజిల్ అనే పట్టణం ఉంది. దాని చుట్టూ అంతా బొగ్గు గనులే. ఆ పట్టణానికి పడమరగా టైన్ నది ఒడ్డున వైలం అనే పల్లె. అక్కడ 1781 జూన్ 9న జార్జి పుట్టాడు. తండ్రి రాబర్టు గనిలో నీళ్ళు తోడే ఇంజనుకు బొగ్గు వేసే కూలీ. తల్లి మేబెల్. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. ఆరుగురు పిల్లలు. నాలుగు కుటుంబాలు ఉండే ఇంట్లో వీళ్ళది ఒకే ఒక్క గది. వంట, పడక, పురుడు, జబ్బు అన్నీ ఆ గదిలోనే. తండ్రికి వారానికి వచ్చే 12 షిల్లింగులు తిండికే సరిపోయేవి కావు. ఇక బడి మాట ఎక్కడిది?

ఆ ఇంటి గుమ్మం ముందు నుంచే కర్ర పట్టాలు వేసి ఉండేవి. వాటి మీద గుర్రాలు బొగ్గు బండ్లను లాక్కుంటూ పోయేవి. చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ బండ్ల కింద పడకుండా చూసుకోవడం జార్జి మొదటి పని. తరువాత రోజుకు రెండు పెన్నీల కూలికి ఆవులు కాశాడు. టర్నిప్ చేలో కలుపు తీశాడు. కొంచెం పెద్దయ్యాక బొగ్గులోంచి రాళ్ళు ఏరే పనిలో చేరాడు. పద్నాలుగేళ్ళ వయసు దాటేసరికి తండ్రి పక్కనే ఇంజనుకు బొగ్గు వేస్తున్నాడు. పదిహేడేళ్ళకు తండ్రి కన్నా పై ఉద్యోగం వచ్చింది. అది ఇంజను చూసుకునే పని. సెలవు దొరికితే తోటి కుర్రాళ్ళు తాగడానికి పోయేవారు. జార్జి మాత్రం ఇంజను మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేవాడు. ఏ భాగం ఎందుకు ఉందో అలా తెలుసుకున్నాడు.

పద్దెనిమిదేళ్ళకు అ ఆ లు

జేమ్స్ వాట్ చేసిన కొత్త ఇంజన్ల గురించి పుస్తకాల్లో ఉందని జార్జి విన్నాడు. పుస్తకం ఉంటే ఏం లాభం, చదవడం రావాలి కదా! అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. ఇంజను ముందు పన్నెండు గంటలు నిలబడిన తరువాత వారానికి మూడు పెన్నీలు కట్టి రాత్రి బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చిన్న పిల్లల పక్కన కూర్చొని అక్షరాలు దిద్దాడు. పంతొమ్మిదేళ్ళకు తన పేరు తాను రాయగలిగాడు. తరువాత లెక్కలు నేర్చుకున్నాడు. పంతులు పలక మీద రాసిచ్చిన లెక్కలను ఇంజను పక్కన, పొయ్యి వెలుగులో చేసి మరుసటి రాత్రి చూపించేవాడు.

మన హాస్టళ్ళలో ఆరో తరగతిలో చేరి కూడా కూడబలుక్కొని చదివే తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళు సిగ్గుపడి వెనక బెంచీలో దాక్కోవడం మేము చూశాం. కొన్నాళ్ళు మేము కూడా అలా దాక్కున్నవాళ్ళమే. పద్దెనిమిదేళ్ళ వయసులో, సొంత సంపాదన ఉన్న మనిషి, పిల్లల మధ్య కూర్చొని అక్షరాలు దిద్దాడంటే అది ఎంత గుండె ధైర్యమో అలాంటి వాళ్ళకే తెలుస్తుంది.

మీద పడిన కష్టాలు

1802లో ఫ్రాన్సెస్ హెండర్సన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1803లో కొడుకు పుట్టాడు. తాత పేరే పెట్టి రాబర్టు అన్నారు. 1804లో కిల్లింగ్‌వర్త్ గనికి మారారు. 1805లో పుట్టిన ఆడపిల్ల కొన్ని వారాలకే పోయింది. 1806లో భార్య క్షయతో చనిపోయింది. ఇరవై అయిదేళ్ళ జార్జి చేతిలో మూడేళ్ళ పిల్లవాడు మిగిలాడు.

పిల్లవాడిని ఇంట్లో వదిలి, పని కోసం కాలినడకన స్కాట్లాండు దాకా పోయాడు. తిరిగి వచ్చేసరికి తండ్రికి కళ్ళు పోయి ఉన్నాయి. ఇంజను లోపల బాగు చేస్తూ ఉండగా ఎవరో పొరపాటున ఆవిరి వదిలారు. జార్జి తాను కూడబెట్టిన డబ్బుతో తండ్రి అప్పులు తీర్చాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. చీటీలు తీసి మనుషులను సైన్యానికి పంపేవారు. జార్జి పేరు వచ్చింది. తనకు బదులు ఇంకొకరిని పంపడానికి మిగిలిన డబ్బంతా అయిపోయింది. అమెరికా వెళ్ళిపోదామనుకున్నాడు గాని ఓడ ఛార్జీకి కూడా డబ్బులు లేవు. రాత్రిళ్ళు చెప్పులు కుట్టి, గడియారాలు బాగు చేసి కొడుకు చదువుకు దాచాడు. తనకు చదువు లేక పడిన అవస్థ కొడుకు పడకూడదన్నదే ఆయన పట్టుదల.

1811లో కాలం కలిసివచ్చింది. కిల్లింగ్‌వర్త్‌లో కొత్తగా తవ్విన గనిలో నీళ్ళు నిండిపోయాయి. పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసినా పంపు పనిచేయలేదు. జార్జి దానిని విప్పి, మార్పులు చేసి, కొద్ది రోజుల్లోనే గనిని ఎండగట్టాడు. మరుసటి ఏడాది ఆ గనుల యజమానులు ఆయనను ఏడాదికి 100 పౌండ్ల జీతం మీద ఇంజన్‌రైట్‌గా నియమించారు. అంటే యంత్రాలన్నిటికీ పెద్ద మేస్త్రి. 1814లో ఆయన మొదటి రైలింజన్ బొగ్గు బండ్లను లాగింది.

కంటికి కనబడని శత్రువు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. కోట్ల ఏళ్ళ క్రితం భూమిలో కూరుకుపోయిన చెట్లు బొగ్గుగా మారేటప్పుడు మీథేన్ అనే వాయువు కూడా పుడుతుంది. అది బొగ్గు పొరల్లో ఇరుక్కొని ఉంటుంది. బొగ్గు తవ్వగానే బయటికి వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలి కన్నా తేలిక, అందువల్ల గని పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఈ వాయువు కలిసి ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. ఆ పేలుడుకు బొగ్గు దుమ్ము కూడా తోడైతే మంట గని అంతా పాకుతుంది. మంటకు చావని వాళ్ళు తరువాత పుట్టే కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోతారు.

గనిలో చీకటి. పని చేయాలంటే వెలుగు కావాలి. ఆ రోజుల్లో వెలుగంటే కొవ్వొత్తి మంటే. అదే మంట ప్రాణం తీస్తుంది. కొన్ని గనుల్లో పని మొదలుకాక ముందు ఒక మనిషి తడి గోనెలు చుట్టుకొని, నేల మీద పాకుతూ, పొడవాటి కర్ర చివర కొవ్వొత్తి పెట్టి వాయువును ముందే కాల్చేవాడు. చెకుముకి రాయి మీద ఉక్కు చక్రం తిప్పి, ఆ రవ్వల వెలుతురులో బొగ్గు కొట్టేవారు. అవి కూడా ఒక్కోసారి వాయువును అంటించేవి.

1812 మే 25న న్యూకాజిల్ దగ్గరి ఫెల్లింగ్ గని పేలింది. 92 మంది చనిపోయారు. అందులో చాలా మంది మన హాస్టల్ పిల్లల వయసు వాళ్ళు. గని యజమానులకు ఇష్టం ఉండదని అంతకు ముందు పత్రికలు ఇలాంటి వార్తలు సరిగా రాసేవి కావు. ఆ ప్రాంతపు పాదరీ జాన్ హాడ్జ్‌సన్ మృతుల పేర్లతో సహా అంతా అచ్చు వేయించడంతో దేశానికి తెలిసింది. పేలుడు పుట్టించని దీపం చేయాలని అప్పుడు పట్టుదల పుట్టింది. సండర్లాండ్ డాక్టరు క్లానీ 1813లో ఒక దీపం చేసి చూపాడు. కానీ దానికి ఒక మనిషి తిత్తి ఊదుతూ ఉండాలి. పనివాడి చేతికి అది అందలేదు.

అక్టోబరు 21, 1815

కిల్లింగ్‌వర్త్ గనిలో కూడా పేలుళ్ళు జరిగాయి. చచ్చిపోయిన వాళ్ళు జార్జి ఎరిగిన మనుషులే. ఆ గనిలో కొన్ని చోట్ల బండ పగుళ్ళలోంచి వాయువు బుస కొడుతూ వచ్చేది. జార్జి ఆ పగుళ్ళ దగ్గర కొవ్వొత్తులు పట్టుకొని మంట ఎలా కదులుతుందో చూస్తూ ఉండేవాడు. ఆయన చేసేది చూసి తోటివాళ్ళు వణికిపోయేవారు. వాయువును తిత్తుల్లో పట్టి ఇంటికి తెచ్చి పరీక్షలు చేశాడు. సన్నటి గొట్టాల గుండా మంట వెనక్కి పోదని గమనించాడు. ఆయన ఆలోచనకు బొమ్మ గీసి పెట్టింది గని అధికారి నికొలస్ వుడ్. న్యూకాజిల్‌లో రేకు పని చేసే వాళ్ళు దీపం తయారు చేశారు. చుట్టూ గాజు చిమ్నీ, కింద గాలి పోవడానికి సన్నటి దారి.

1815 అక్టోబరు 21 రాత్రి జార్జి, వుడ్, జాన్ మూడీ అనే మరో అధికారి గనిలోకి దిగారు. వాయువు బుస కొట్టే చోట పలకలు అడ్డం పెట్టి వాయువు పోగయ్యేలా చేశారు. మూడీ ముందు వెళ్ళి చూసి, మంట తగిలితే పేలుడు ఖాయమని వచ్చి చెప్పాడు. వాళ్ళిద్దరూ దూరంగా ఆగిపోయారు. జార్జి ఒక్కడే వెలుగుతున్న దీపం పట్టుకొని ముందుకు నడిచాడు. దూరం నుంచి చూస్తుంటే ఆ వెలుగు చిన్నదైపోయి కనబడకుండా పోయింది. జార్జి దీపాన్ని పగులుకు ఎదురుగా పట్టాడు. మంట ఒక్కసారి పెరిగింది, రెపరెపలాడింది, ఆరిపోయింది. గని పేలలేదు.

ఆయన లెక్క తప్పి ఉంటే ఆయన ఒక్కడే కాదు, గని కూడా పోయేది. ఇంటి దగ్గర పన్నెండేళ్ళ కొడుకు అనాథ అయ్యేవాడు. ఆయన మళ్ళీ దీపం వెలిగించి మళ్ళీ పరీక్షించాడు. తరువాత గాలి దారులు మార్చి నవంబరు 4న రెండో దీపం, నవంబరు 30న మూడో దీపం గనిలో పరీక్షించాడు. డిసెంబరు 5న న్యూకాజిల్ సాహిత్య తాత్విక సంఘంలో దానిని పెద్దల ముందు చూపించాడు.

పెద్దవాడి దీపం, పేదవాడి దీపం

అదే సమయంలో లండన్‌లో సర్ హంఫ్రీ డేవీ కూడా ఇదే పని మీద ఉన్నాడు. ఆయన ఆనాటి గొప్ప రసాయన శాస్త్రవేత్త. సోడియం, పొటాషియం వేరు చేసి చూపినవాడు. 1815 ఆగస్టులో న్యూకాజిల్ వచ్చి గనులు చూశాడు. వాయువును సీసాల్లో తెప్పించుకొని ప్రయోగశాలలో పరీక్షించాడు. నవంబరు 9న రాయల్ సొసైటీ ముందు తన వ్యాసం చదివాడు. ఆయన చివరకు మంట చుట్టూ సన్నటి తీగ జల్లెడ పెట్టాడు. చదరపు అంగుళానికి 784 రంధ్రాలు. ఆ తీగ మంట వేడిని లాగేస్తుంది, అందువల్ల బయటి వాయువు అంటుకోదు. 1816 జనవరిలో గనిలో వాడి చూస్తే బాగా పనిచేసింది. ఇక్కడ డేవీ గొప్పతనం కూడా చెప్పాలి. ఆయన దాని మీద పేటెంటు తీసుకోలేదు. పనివాళ్ళ కోసం ఉచితంగా వదిలేశాడు. ఆయన కూడా ఒక చెక్క పని చేసేవాడి కొడుకే.

కానీ స్టీఫెన్సన్ కూడా అలాంటి దీపం చేశాడని వినగానే డేవీకి కోపం వచ్చింది. రసాయన శాస్త్రం పేరు కూడా తెలియని గని మేస్త్రి ఇంత పని సొంతంగా చేశాడంటే ఆయన నమ్మలేదు. తన ఆలోచనను దొంగిలించాడన్నాడు. 1817లో గనుల యజమానులు డేవీకి సుమారు 2,000 పౌండ్ల విలువ చేసే వెండి సామాను బహూకరించారు. స్టీఫెన్సన్‌కు 100 గినీలు ఇచ్చారు. న్యూకాజిల్ జనం ఊరుకోలేదు. ఒక కమిటీ వేసి, తేదీలు, సాక్ష్యాలు పరిశీలించి, స్టీఫెన్సన్ దీపం ఆయన సొంతమేనని, ముందే పరీక్షించాడని తేల్చారు. 1,000 పౌండ్లు చందా పోగు చేసి 1818 జనవరిలో సన్మానం చేశారు. డేవీ 1829లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. 1830ల దశకంలో పార్లమెంటు కమిటీ మాత్రం ఇద్దరికీ సమానమైన హక్కు ఉందని గుర్తించింది.

మేము ఇక్కడ ఒక నిజం దాచదలచుకోలేదు. తన దీపం ఎందుకు పనిచేస్తుందో స్టీఫెన్సన్‌కు పూర్తిగా సరైన కారణం తెలియదు. కాలిన గాలి పైన నిలిచి మంటను ఆపుతుందని అనుకునేవాడు. చల్లని లోహం వేడిని లాగేస్తుందన్న అసలు సూత్రం డేవీ ప్రయోగాల వల్లే తేటపడింది. అనుభవం ఒక దారిన, శాస్త్రం ఒక దారిన వచ్చి, కొద్ది వారాల తేడాతో ఒకే చోట కలిశాయి. ఇద్దరిలో ఒకరిని దొంగ అనాల్సిన అవసరమే లేదు. అలా అనిపించింది శాస్త్రం కాదు, చదువు లేనివాడికి బుర్ర ఉండదనే నమ్మకం.

కిల్లింగ్‌వర్త్ చుట్టుపక్కల గనివాళ్ళు జార్జి దీపాన్నే వాడారు. దానికి జార్డీ దీపం అని పేరు. ఆ ప్రాంతం వాళ్ళందరినీ నేటికీ జార్డీలు అంటారు. ఆ పేరు ఈ దీపం నుంచే వచ్చిందని ఒక వాదన.

కొడుకుతో కలిసి చదువు

ఈ గొడవ స్టీఫెన్సన్ మనసులో ముల్లులా మిగిలింది. లండన్ పెద్దలంటే ఆయనకు జీవితాంతం నమ్మకం కలగలేదు. కానీ చదువు మీద కోపం పెంచుకోలేదు. కొడుకు రాబర్టును న్యూకాజిల్‌లో మంచి బడిలో వేశాడు. పిల్లవాడు గాడిద మీద ఎక్కి బడికి వెళ్ళి వచ్చేవాడు. గ్రంథాలయంలో చదివిన సంగతులు కాగితం మీద రాసుకొని వచ్చేవాడు. రాత్రి తండ్రీ కొడుకులు కలిసి చదివేవారు. 1816 ఆగస్టులో ఇద్దరూ కలిసి లెక్కలు వేసి, రాయి చెక్కి, తమ ఇంటి గుమ్మం మీద ఎండ గడియారం అమర్చారు. అది ఇప్పటికీ ఉంది. తరువాత రాబర్టును ఎడింబరో విశ్వవిద్యాలయానికి కూడా పంపాడు.

1825 సెప్టెంబరు 27న స్టాక్‌టన్ డార్లింగ్టన్ రైలు మార్గం మొదలైంది. అదే ఏడాది లివర్‌పూల్ మాంచెస్టర్ మార్గం కోసం పార్లమెంటు కమిటీ ముందు స్టీఫెన్సన్ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆయన పల్లెటూరి యాసను చూసి లాయర్లు ఎగతాళి చేశారు. కింది వాళ్ళు చేసిన సర్వేలో తప్పులు దొరికాయి. వాటిని ఆయన సరిచూసుకోలేదు. బిల్లు పోయింది. తప్పు తనది కూడా ఉంది కాబట్టి అది ఆయనకు పెద్ద అవమానం. మేము కూడా ఒక ఇంటర్వ్యూలో మా ఊరి యాసలో మాట్లాడి నవ్వులపాలైన వాళ్ళమే. ఆ రోజు తిరిగి వచ్చి హాస్టల్ డాబా మీద ఎంతసేపు కూర్చున్నామో మాకే తెలుసు. స్టీఫెన్సన్ మళ్ళీ నిలబడ్డాడు. 1826లో బిల్లు నెగ్గింది. ఆయననే మళ్ళీ ఇంజనీరుగా పెట్టుకున్నారు. ఇంజను కుంగిపోతుందన్న చాట్ మాస్ బురద నేల మీద కట్టెలు, తుప్పలు పరిచి పట్టాలు వేశాడు. 1829లో రెయిన్‌హిల్ పోటీలో కొడుకు రాబర్టు చూసి చేయించిన రాకెట్ ఇంజను గెలిచింది. 1830 సెప్టెంబరు 15న ఆ మార్గం మొదలైంది. ఆయన గనుల్లో వాడిన పట్టాల వెడల్పే కొద్ది మార్పుతో, 1,435 మిల్లీమీటర్లుగా, నేడు ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో ఉంది.

1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యాడు. బిరుదులు ఇస్తామంటే వద్దన్నాడు. 1848 ఆగస్టు 12న చెస్టర్‌ఫీల్డ్ దగ్గర తన ఇంట్లో 67వ ఏట కన్నుమూశాడు.

దీపం వచ్చినా చావులు తగ్గలేదు

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. రక్షణ దీపాలు వచ్చాయి కదా అని యజమానులు అంతవరకు వాయువుకు భయపడి వదిలేసిన గనులను కూడా తెరిచారు. ఇంకా లోతుకు తవ్వారు. గాలి బాగా ఆడే ఏర్పాట్లకు డబ్బు పెట్టలేదు. డర్హం, నార్తంబర్లండ్ జిల్లాల్లో దీపం రాక ముందు 18 ఏళ్ళలో 447 మంది చనిపోతే, వచ్చిన తరువాత 18 ఏళ్ళలో 538 మంది చనిపోయారని 1835లో పార్లమెంటు కమిటీ ముందు లెక్కలు వచ్చాయి. ఆ ఏడాదే వాల్స్‌ఎండ్ గనిలో 102 మంది బలయ్యారు. దీపం తప్పు కాదు. దీపాన్ని సాకుగా చూపి మనిషిని ప్రమాదంలోకి దించిన లాభం తప్పు.

తరువాత మెల్లమెల్లగా చట్టాలు వచ్చాయి, పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. మన దేశంలో గని గాలిలో మీథేన్ 1.25 శాతానికి చేరితే మనుషులను అక్కడి నుంచి పంపించివేయాలని నిబంధన ఉంది. మా నాన్న టోపీకి కరెంటు లైటు ఉండేది. కానీ వాయువు ఉందో లేదో చూడడానికి సర్దారు చేతిలో జల్లెడ దీపం కూడా ఉండేది. మంట మీద నీలం రంగు టోపీలాగ కనబడితే వాయువు ఉన్నట్టు. బాయి కబుర్లు చెప్పినప్పుడల్లా నాన్న ఆ నీలం మంట సంగతి చెప్పేవాడు. అది ఇద్దరు ఇంగ్లండు మనుషుల కథ అని ఆయనకూ తెలియదు, అప్పట్లో మాకూ తెలియదు.

గనిలోంచి పోయింది, ఆకాశంలో చేరింది

మేము పి.జి.లో పర్యావరణ పాఠాలు చదివేటప్పుడు మరో సంగతి తెలిసింది. ఫ్యాన్లు గనిలోంచి తోసేసిన మీథేన్ ఎక్కడికి పోతుంది? ఆకాశంలోకి. మనిషికి ప్రమాదం తప్పింది గాని వాయువు మాయం కాలేదు. బొగ్గు గనుల్లోంచి, మూసేసిన పాత గనుల్లోంచి, చమురు, గ్యాసు బావుల్లోంచి, శుద్ధి కర్మాగారాల వాల్వుల్లోంచి, పైపులైన్ల అతుకుల్లోంచి ఇలా తప్పించుకుపోయే వాయువులను శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా లెక్క వేస్తున్నారు. అవి పొగగొట్టంలోంచి వచ్చే పొగ కాదు. ఎవరూ కాల్చకుండానే, ఎవరికీ కనబడకుండానే జారిపోయేవి.

మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్ళు ఉంటుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. స్టీఫెన్సన్ పుట్టక ముందు, 1750 ప్రాంతంలో, గాలిలో 100 కోట్ల పాళ్ళకు సుమారు 730 పాళ్ళు మీథేన్ ఉండేది. ఇప్పుడు 1,900 దాటింది. ఇందులో పశువుల నుంచి, వరి మళ్ళ నుంచి, చెత్త కుప్పల నుంచి వచ్చేది కూడా ఉంది. బొగ్గు గనుల నుంచే ఏటా సుమారు 4 కోట్ల టన్నులు వస్తుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. తవ్వక ముందే బోర్లు వేసి ఈ వాయువును పట్టుకుంటే అది వంటకు, కరెంటుకు పనికొచ్చే ఇంధనమే. లీకులు వెతికి మూయడం కొత్త విద్య ఏమీ కాదు. ఖర్చు పెట్టాలన్న మనసు కావాలి.

లీకంటే ఏమిటో మన తెలుగు నేల కూడా చూసింది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను నుంచి కారిన గ్యాసు ఊరి మీద పరుచుకొని, నిప్పు అంటుకొని, ఇరవై మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. 1812లో ఫెల్లింగ్ గనిలో చంపింది, 2014లో నగరంలో చంపింది ఒకటే వాయువు. రెండు చోట్లా చనిపోయింది దాని లాభం తినని మనుషులే.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

స్టీఫెన్సన్ దేవుడు కాదు. తప్పులు చేశాడు, అవమానాలు పడ్డాడు, పంతాలు పట్టాడు. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటి ఉంది. పగులు దగ్గర నిలబడి మంట ఎలా కదులుతుందో చూసినవాడికి తెలిసే సంగతి పుస్తకంలో ఉండకపోవచ్చు. అలాగే పుస్తకం లేకపోతే ఆ సంగతికి కారణం తెలియకపోవచ్చు. మన అమ్మానాన్నలకు మట్టి గురించి, బొగ్గు గురించి, పశువు గురించి, నేత గురించి తెలిసినది చదువు కాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. మనం నేర్చుకునే సైన్సు వాళ్ళకు పనికిరాదని కూడా అనుకోవద్దు. ఆ రెంటినీ ఒక ఇంట్లో కలపగలిగే అవకాశం మన తరానికే వచ్చింది. కిల్లింగ్‌వర్త్ గుమ్మం మీది ఎండ గడియారాన్ని ఒక తండ్రి, ఒక కొడుకు కలిసి చేశారని మరిచిపోకండి.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్న పని గురించి ఆయననే అడగండి. మేము పోయిన దసరాకు అడిగాం. దీపం మంట మీద నీలం రంగు ఎంత ఎత్తు ఉంటే వాయువు ఎంత ఉన్నట్టో నాన్న చేత్తో చూపించాడు. మేము దానిని నోటుబుక్కులో రాసుకొని, మా పాఠంలోని లెక్కతో సరిచూశాం. సరిపోయింది. ఆ మాట చెబితే నాన్న నవ్వి, మా నోటుబుక్కు అడిగి తీసుకొని, అక్షరాలు రాకపోయినా ఆ పేజీని చాలాసేపు చూశాడు.